ఆరో చెవి

భూకంపం వచ్చిన పన్నెండో రోజున, గుండ్లమెట్ట ఊరివాళ్ళు ఆదిశేషుకి సన్మానం చేస్తామన్నారు.

ఆ మాట పరాయివాళ్ళెవరైనా అని ఉంటే ఏదో ఒక వంక చెప్పి తప్పించుకునేవాడు. అన్నది సొంత అక్క నాంచారమ్మ. పోయిన పదకొండు మందికీ కలిపి ముందురోజే ఒకేచోట పెద్దదినం జరిగింది. ఆ పదకొండు మందిలో ఆమె భర్త నాగులు ఒకడు. ఇల్లు పడిపోయింది కనక ఊరందరితోపాటు ఆమె కూడా బడి ఆవరణలో టార్పాలిన్ పట్టాలతో వేసిన గుడిసెలో ఉంటోంది. అక్కడే కూర్చుని, వద్దంటున్నా వినకుండా తమ్ముడి కంచంలో మరో గరిటె పప్పు వేసింది.

"నీ మిషనే లేకపోయుంటే ఊరు ఊరంతా పొయ్యేదంట శేషూ. ఇదివరకట్టా క్వారీ తూటాలకి గోడలు బీటలిచ్చి ఉంటే, భూకంపం రాంగానే ఒక్కటి నిలబడేది కాదంటన్నారు. మీ బావ పొయ్యాడు. ఆయన రాత. మిగతావోళ్ళన్నా నీ పున్నేన బతికారు. వొచ్చే ఆదివారం నీకు శాలవా కప్పుదామని అందరూ అనుకున్నారు. నువ్వు కాదనబాక."

ఆదిశేషు కంచం పక్కకి జరిపాడు. మంచినీళ్ళు తాగి, పనుందని లేచాడు. కారు దగ్గరిదాకా వెనకే వచ్చి, "చిక్కిపొయ్యావురా. మాకోసరం తిండి మానుకోమాక" అంది నాంచారమ్మ. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి తనని ఓదారుస్తోంది. ఆ ఓదార్పుకి అతని ఒళ్ళంతా ఎందుకు ముడుచుకుపోతోందో ఆమెకి తెలియదు. అతనికి తెలుసు.

ఆదిశేషు శాస్త్రవేత్త. జిల్లా కేంద్రంలోని రాతి పరిశోధనశాలకి అధిపతి. పేరు ముందు డాక్టరు, గదికి ఏసీ, గోడ మీద ఢిల్లీలో అందుకున్న పతకం, అన్నీ ఉన్నాయి. పుట్టింది మాత్రం గుండ్లమెట్టలో, రాళ్ళు కొట్టే వడ్డెర కుటుంబంలో. తండ్రి బండ మీద సుత్తితో ఒక్క దెబ్బ వేసి, చెవి ఆనించి విని, అది ఎక్కడ పగులుతుందో చెప్పేవాడు. ఆ చెవే కొడుక్కి వచ్చిందని ఊళ్ళో అనేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా ఆదిశేషు కాళ్ళు నేల మీద ఆనేవి కావు.

ఊరికి ఆనుకుని నల్లరాయి క్వారీ ఉంది. యాభై ఏళ్ళుగా అక్కడ రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి తూటాలు పేలుతున్నాయి. పావుగంట ముందు ఊళ్ళో సైరన్ మోగేది. అది వినపడగానే గుండ్లమెట్టలో ఒక్క ఇంట్లో కూడా మనిషి ఉండేవాడు కాదు. పొయ్యి ఆర్పి, ఉయ్యాల్లో పిల్లల్ని ఎత్తుకుని, లేవలేని ముసలివాళ్ళని మంచంతో సహా మోసుకొచ్చి వీధిలో దించేవాళ్ళు. పెంకులు రాలతాయని, గోడ పడుతుందని భయం. పేలుళ్ళయ్యాక కూడా దుమ్ము అణిగేదాకా ఇంకో అరగంట ఊరంతా వీధిలోనే. పేలు చూసుకోవడాలు, చింతపండు గింజలు తియ్యడాలు, పెళ్ళి మాటలు, పోట్లాటలు అన్నీ అక్కడే. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్ళు మొదటి నెల ఈ తంతు చూసి ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు. రెండో నెల నుంచి అందరికంటే ముందు వాళ్ళే పరిగెత్తేవాళ్ళు.

ఈ భయం పోగొట్టాలని ఆదిశేషు పంతం పట్టాడు. అందులో ఊరి మీద ప్రేమ ఎంతో, ఊరివాళ్ళ చేత ఔరా అనిపించుకోవాలన్న ఆశ ఎంతో, అప్పట్లో విడదీసి చూసుకోలేదు.

క్వారీలో అరవై గుంటల్లో మందు కూరి వరసగా పేలుస్తారు. ఒక్కో గుంట పేలినప్పుడల్లా నేలలో ఒక అల బయలుదేరుతుంది. ఆదిశేషు తయారుచేసిన యంత్రం మొదటి అలని విని, అది పైకి లేచే క్షణానికి ఎదురుగా కిందికి దిగే అల పుట్టేలా రెండో గుంటని పేలుస్తుంది. రెండూ కలిసి చదునైపోతాయి. అలాగే మూడోది, నాలుగోది. సెకనులో వెయ్యోవంతు తేడా వచ్చినా పని జరగదు. దాన్ని కుదర్చడానికి పద్నాలుగేళ్ళు పట్టింది. దానికి 'నెమ్మది' అని పేరు పెట్టుకున్నాడు.

మొదటిసారి వాడి చూపించిన రోజు ఊరి జనమంతా నాంచారమ్మ అరుగు ముందు మూగారు. అరుగు మీద అంచుదాకా నీళ్ళు పోసిన ఇత్తడి చెంబు పెట్టారు. ఒంటిగంట అయింది. దూరాన ఎవరో తలుపు దగ్గరికి వేసినంత చప్పుడు వినిపించింది. అంతే. చెంబులో నీళ్ళు చుక్క తొణకలేదు. గేదెలు నెమరు ఆపలేదు. ముసలివాళ్ళు నమ్మలేక నేల మీద అరచెయ్యి ఆనించి చూశారు. ఒకావిడ ఏడ్చింది. ఆ రోజు ఆదిశేషుని భుజాల మీద మోశారు.

ఎనిమిది నెలలు గడిచేసరికి, అదురు లేనప్పుడు సైరన్ ఎందుకన్న మాట పుట్టింది. క్వారీ వాళ్ళూ అన్నారు, ఊరివాళ్ళూ అన్నారు. బాలింతలు ఉలిక్కిపడుతున్నారని ఒకరు, మధ్యాహ్నం కునుకు చెడుతోందని ఒకరు. నిపుణుడు సంతకం పెడితే తీసేయవచ్చని నిబంధన ఉంది. ఆ నిపుణుడు ఆదిశేషే. అభ్యంతరం చెప్పింది ఊరు మొత్తం మీద నాగులు ఒక్కడే. ముప్పై ఏళ్ళు క్వారీలో తూటాలు పెట్టిన మనిషి.

"ఉండనీ బావా. మోగితే మనదేం పోయింది? అయిందానికీ కాందానికీ బయటికొచ్చి కూచ్చోటం మనకి అలవాటేగా" అన్నాడు.

"నువ్వింకా పాతకాలంలోనే ఉన్నావు బావా" అని నవ్వుతూ సంతకం పెట్టాడు ఆదిశేషు. తన యంత్రానికి అంతకంటే గొప్ప యోగ్యతాపత్రం ఉండదనుకున్నాడు.

*

పరిశోధనశాలలో నేల కదలికలు పట్టే పరికరాలని 'చెవులు' అంటారు. గుండ్లమెట్ట చుట్టూ తొమ్మిది చెవులు పెట్టారు. ఎనిమిది నేల పైన, ఆరోది ఒక్కటి దాదాపు కిలోమీటరు లోతు బోరులో. వాటి కాగితాలన్నీ చూసేది షంషాద్. ఆదిశేషుతో పదహారేళ్ళుగా పనిచేస్తున్న శాస్త్రవేత్త, నలభై దాటిన మనిషి, అవసరం లేకుండా మాట్లాడదు.

ఉగాదికి నెల రోజుల ముందు ఆమె కాగితాలు పట్టుకుని గదిలోకి వచ్చింది. "సార్, పైన ఉన్న ఎనిమిది చెవులకీ అదురు తగ్గుతూ వస్తోంది. కిందున్న ఆరో చెవికి పెరుగుతోంది. రోజురోజుకీ."

"ఆరోది చెడిపోయి ఉంటుంది."

"కొత్తది దించి చూశాం సార్. అదీ అదే చెప్తోంది. పైన చదునైన అల ఎక్కడికీ పోవట్లేదేమో. కిందికి దిగుతోందేమో."

ఆ 'ఏమో'లు రెండూ ఆదిశేషు చెవిన పడ్డాయి. తండ్రి దగ్గర నేర్చుకున్న చెవి అది, బండలో ఎక్కడ తేడా ఉందో పట్టగలదు. షంషాద్ చెప్పింది నిజమేనని ఆ క్షణంలోనే తెలిసింది. కానీ మరో వారంలో ఢిల్లీ నుంచి పరిశీలకులు వస్తున్నారు. పతకం వాళ్ళ చేతిలో ఉంది. ఆరు నెలలు ఆపి చూద్దామంటే పతకం పోతుంది, పతకంతోపాటు ఊళ్ళో మాటా పోతుంది. రిజిస్టరు దగ్గరికి లాక్కుని తన చేత్తోనే రాశాడు: 'ఆరో చెవి చెడింది. లెక్కలోకి తీసుకోవద్దు.' కింద పొడి అక్షరాల సంతకం.

షంషాద్ వారం తర్వాత మళ్ళీ ఒకసారి అడిగింది. మూడోసారి అడగలేదు.

*

ఆషాఢమాసంలో ఒక గురువారం, మధ్యాహ్నం ఒంటిగంటా పద్నాలుగు నిమిషాలకి నేల కదిలింది. ఆదిశేషు అప్పుడు పరిశోధనశాలలో పెరుగన్నం తింటున్నాడు. బల్ల మీద గ్లాసు కిందపడి పగిలింది. ఒక్క పరుగున కారెక్కాడు.

గుండ్లమెట్ట చేరేసరికి వీధిలో సగం గోడలు పడి ఉన్నాయి. ఇదివరకైతే ఆ వేళకి ఊరంతా వీధిలో ఉండేది. పెంకులు పగిలేవి, గిన్నెలు దొర్లేవి, మనిషికి గోరంత దెబ్బ తగిలేది కాదు. ఇప్పుడంతా ఇళ్ళల్లో ఉన్నారు. కొందరు అన్నాలు తింటున్నారు, కొందరు నడుం వాల్చారు. నాగులు నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. ఆ వేళప్పుడు ఇంట్లో పడుకోవడం అతనికి అలవాటై ఏడాదిన్నర కూడా కాలేదు. నాంచారమ్మ దొడ్లో గేదెకి కుడితి పెడుతూ ఉండబట్టి బతికింది.

మట్టి తవ్వే పారలు చాలక చేతుల్తో తోడారు. ఆదిశేషు కూడా తోడాడు, గోళ్ళు ఊడి రక్తం కారేదాకా. అది చూసి ఊరివాళ్ళు, ఎంత పెద్దవాడైనా మనవాడు మనవాడే అనుకున్నారు. అందరికంటే ముందు ఆ మాట పైకి అన్నది నాంచారమ్మే.

*

సన్మానం మాట విని పరిశోధనశాలకి తిరిగొచ్చేసరికి షంషాద్ కాగితాలన్నీ బల్ల మీద పరిచి ఉంచింది.

"చూడండి సార్. పేలుడైతే చుట్టూ అన్ని వైపులకీ నేలని నెడుతుంది. అన్ని చెవుల గీతలూ ముందు పైకే లేవాలి. భూకంపమైతే నేల జారుతుంది, ఒక వైపు నెడుతుంది, ఇంకో వైపు లాగుతుంది. కొన్ని గీతలు పైకి లేస్తాయి, కొన్ని కిందికి దిగుతాయి." పెన్ను కొసతో చూపించింది. "ఒంటిగంటా పద్నాలుగు. పై ఎనిమిది గీతలూ సన్నగా పైకి లేచాయి. అది ఆ రోజు పద్నాలుగు నిమిషాలు ఆలస్యంగా పేల్చిన మన పేలుడు. నాలుగు సెకన్ల తర్వాత మూడు పైకి, అయిదు కిందికి. అది భూకంపం. రెండు వేరు వేరు సంగతులు కావు సార్. మొదటిది రెండోదాన్ని లేపింది."

ఆదిశేషు వాదించలేదు. పన్నెండు రోజులుగా తను ఆ కాగితాలు చూడకుండా పారిపోతున్నది ఇందుకే.

"ఇంకొకటి. నేల అడుగున రాతిలో ఉన్న పాత పగులు సగమే జారింది. తర్వాత వచ్చిన చిన్న చిన్న అదుర్లన్నీ ఒక గీత దగ్గర ఆగిపోతున్నాయి. మిగతా సగం అలాగే బిగుసుకుని ఉంది." పటం మీద వేలు పెట్టింది. ఆ వేలు బడి ఆవరణ మీదుగా బోయపాలెం దాకా వెళ్ళింది. బోయపాలెంలో నాలుగు వేల ఇళ్ళున్నాయి.

అదే బల్ల మీద ఇంకో కాగితం ఉంది. ప్రభుత్వం వేసిన విచారణ సంఘం పంపిన నివేదిక. భూకంపం ప్రకృతి వైపరీత్యమని, పేలుళ్ళకి దానితో సంబంధం లేదని రాసి, సంతకానికి చోటు వదిలారు. ఆదిశేషు సంతకం పెడితే సోమవారం నుంచి క్వారీలో మళ్ళీ పేలుళ్ళు.

"నేను మూడోసారి అడక్కుండా ఊరుకున్నాను సార్. అది నా తప్పు. నాకు నిద్ర పట్టట్లేదు" అంది షంషాద్. "మీరు సంతకం పెడితే మాత్రం ఈసారి ఊరుకోను. నేనే వెళ్ళి చెప్తాను."

ఆదిశేషు నివేదిక పక్కకి నెట్టి, తెల్లకాగితం తీసుకున్నాడు. పేలుళ్ళ వల్లే భూకంపం వచ్చిందని, 'నెమ్మది' పంపిన అలలు అడుగు పగులు మీద పడ్డాయని, క్వారీలో ఇక పేల్చనివ్వకూడదని కలెక్టరుకి రాశాడు. సైరన్ తీయించింది తనేనని కూడా రాశాడు. రాయడం అనుకున్నంత కష్టం కాలేదు. కాగితం ముఖంలోకి చూడదు, ఏడవదు.

షంషాద్ చదివింది. "ఆరో చెవి సంగతి లేదు సార్."

"ముందు పేలుళ్ళు మళ్ళీ మొదలవకుండా ఆపాలి కదా. అది మరో ఉత్తరంలో రాద్దాం."

ఆమె అతని ముఖంలోకి ఒక్కసారి చూసి, కవరు తీసుకుని వెళ్ళింది. శనివారం సాయంత్రానికి క్వారీ మూసెయ్యమని ఉత్తర్వు వచ్చింది. కారణం మాత్రం ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సింది నువ్వేనని ఉత్తర్వులో ఎవరూ రాయరు.

*

ఆదివారం పొద్దున బడి వరండాలో కుర్చీలు వేశారు. ఆదిశేషు అటు చూడకుండా నేరుగా అక్క గుడిసెకి వెళ్ళాడు. నాంచారమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. పక్కన కూర్చుని, తలొంచుకుని, చెప్పేశాడు. యంత్రం, అలలు, అడుగునున్న పగులు, సైరన్ మీద సంతకం. అక్కకి అర్థమయ్యేలా చెప్పాలని చిన్న చిన్న మాటలు వెతుక్కున్నాడు. అంత అక్కర్లేకపోయింది. రాళ్ళలో పుట్టి పెరిగిన మనిషి, మొదటి మాటకే అర్థం చేసుకుంది.

ఆమె చెయ్యి చేటలోనే ఆగిపోయింది. "అంటే నీ మిషనే కూల్చింది ఊరిని."

"అవునక్కా."

"ఈ సంగతి నీకెప్పుడు తెలిసింది?"

"అయ్యాకే. మొన్న కాగితాలు చూశాకే తెలిసింది" అన్నాడు. ఆ మాట తడుముకోకుండా వచ్చింది. ఇంత చెప్పుకున్నాక ఇంకొక్కటి దాచుకుంటే ఏమవుతుందని లోపల ఎవరో సర్దిచెప్పారు.

నాంచారమ్మ చేట పక్కన పెట్టింది. ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు. ఆమె కొంగు బిగించుకుని లేచింది.

"క్వారీలో ఒక కట్టుబాటుంది. నువ్వు సదువులకి పొయ్యావు గాబట్టి నీకు తెలవదు. తూటా తప్పి ఎవరికన్నా తగిలితే, ఆ తూటా పెట్టినోడే ఆ ఇంటికి పోయి చెప్పాల. పెద్దమనుషుల్ని పంపీకూడదు. గుమ్మం బయటే నిలబడి, ఏ గుంట, ఎంత మందు, తప్పు యాడ జరిగింది, మొత్తం చెప్పాల. వాళ్ళు తిట్టనీ కొట్టనీ, పడాల. మీ బావ ముప్పై ఏళ్ళలో రెండుసార్లు పొయ్యాడు. వొచ్చి నెల రోజులు నాతో కూడా మాట్లాడలా." చెప్పులేసుకుంది. "పద. పదకొండిళ్ళు. నేనూ వస్తా."

మొదటి గుడిసె తిరపతయ్యది. డెబ్బై దాటిన మనిషి, భార్య పోయింది. ఆయనకి చెవుడు. మెల్లగా చెబితే "ఆఁ?" అన్నాడు. కాస్త గట్టిగా చెబితే మళ్ళీ "ఆఁ?" అన్నాడు. చివరికి ఆదిశేషు గొంతెత్తి అరిచి చెప్పాల్సి వచ్చింది. చుట్టూ గుడిసెల్లో మాటలు ఆగిపోయాయి. వరండాలో కుర్చీలు సర్దుతున్నవాళ్ళు సర్దడం మానేశారు. సిగ్గుపడాలంటే ఇన్నాళ్ళూ ఒక మూల చూసుకుని పడేవాడు. ఇప్పుడు ఊరు నడిబొడ్డున నిలబడి కేకలేస్తూ పడ్డాడు.

తిరపతయ్య అంతా విని, "ముందే తెలవదా అయ్యా నీకు? అంత సదువుకున్నావే" అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు, నిజంగానే అడిగాడు.

"తెలియదు పెదనాన్నా" అని అరిచాడు ఆదిశేషు.

రెండో గుడిసెలో మంగాయమ్మ, కోడల్ని పోగొట్టుకుని, నెలలపిల్లని సాకుతున్న మనిషి. సగం వినకముందే చెంప మీద కొట్టింది. చెయ్యి ఆడినంతసేపూ కొట్టి, అక్కడే కూలబడి ఏడ్చింది. నాంచారమ్మ ఆపలేదు. మూడో గుడిసెలో మాట్లాడకుండా లోపలికి వెళ్ళిపోయారు. నాలుగో గుడిసెలో సన్మానానికి ఫ్లెక్సీ వేయించిన కోటయ్య ఉన్నాడు. తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడు. అన్నీ విని, ఆదిశేషు చేతులు పట్టుకుని, "నీ తప్పేం లేదన్నా. తెలిసి చేశావా? మా మంచి కోరే చేశావు" అన్నాడు. మంగాయమ్మ దెబ్బలు దానికంటే నయం అనిపించింది. తెలిసి చేశావా అన్న మాటకి జవాబు చెప్పాల్సిన అవసరం లేకుండా కోటయ్యే జవాబు చెప్పేశాడు. ఆదిశేషు దాన్ని పుచ్చుకున్నాడు, శాలువా పుచ్చుకున్నట్టే.

అయిదు, ఆరు, ఏడు. ఒకచోట ఉమ్మేశారు. ఒకచోట కూర్చోమన్నారు, కూర్చున్నాడు. పదో గుడిసె అయ్యేసరికి ఎండ నడినెత్తికొచ్చింది, గొంతు బొంగురుపోయింది. లోపల ఎక్కడో ఒక మూల, అయిపోయింది, గండం గడిచింది అన్న ఊరట కూడా మొదలైంది. దానికీ సిగ్గేసింది.

వెనక్కి తిరిగి చూస్తే నాంచారమ్మ లేదు.

ఆమె తన గుడిసెలోకి వెళ్ళి పట్టా దించేసుకుంది. ఆదిశేషు దగ్గరికి వెళ్ళి, పట్టా ఎత్తబోయాడు.

"ఎవరది?" అంది లోపలి నుంచి.

"నేనక్కా."

"అక్కెవరు? ఇది వల్లెపు నాగులు ఇల్లు. ఆయన పెళ్ళాన్ని. ఏం కబురు తెచ్చావో బయటే నిలబడి చెప్పు."

ఆదిశేషు చెయ్యి దించాడు. పొద్దున అక్కకి చెప్పుకున్నది తమ్ముడు. ఇప్పుడు చెప్పాల్సింది మందు పెట్టినవాడు. "అమ్మా, నేను పల్లపు ఆదిశేషుని" అని మొదలుపెట్టాడు. యంత్రం తనే చేశానన్నాడు. సైరన్ తనే ఆపించానన్నాడు. నాగులు వద్దన్నాడని, తను నవ్వానని, ఇంతవరకు ఏ గుడిసెలోనూ చెప్పనిది ఇక్కడ చెప్పాడు. సైరన్ ఉండి ఉంటే ఆ వేళకి నాగులు వీధిలో ఉండేవాడని చెప్పాడు. అక్కడితో ఆపాడు.

లోపల చాలాసేపు చప్పుడు లేదు.

"ఇంతేనా?" అంది.

ఆ ఒక్క మాటలో కోపం లేదు. తండ్రి సుత్తి దెబ్బ వేసి, చెవి ఆనించి కాచుకున్నప్పుడు ఉండే నిశ్శబ్దం అది. అదే తండ్రికి ఆమె కూడా కూతురేనన్న సంగతి ఊళ్ళో ఎవరూ అనుకోలేదు, తనూ అనుకోలేదు.

"ఇంకొకటుంది" అన్నాడు ఆదిశేషు. "ముందే తెలుసు. ఉగాదికి నెల ముందే. లోపల బోరులో ఒక పరికరం పెట్టాం, ఆరో చెవి అంటాం. కిందికి దిగుతోందని అది చెప్పింది. నాతో పనిచేసే ఆవిడ రెండుసార్లు చెప్పింది. నిజమేనని నాకు తెలుసు. పతకం పోతుందని, చెవి చెడిందని నా చేత్తో రాశాను. కలెక్టరుకి రాసిన ఉత్తరంలో కూడా ఈ మాట దాచాను. పొద్దున నువ్వడిగితే అబద్ధం చెప్పాను. అప్పుడే ఆపి ఉంటే పదకొండు మందిలో ఒక్కరూ పోయేవాళ్ళు కాదు."

పట్టా కదిలింది. నాంచారమ్మ బయటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, తడి లేదు. తమ్ముడి ముఖంలోకి చూసింది, ఎప్పుడో చూసిన మనిషిని గుర్తుపట్టడానికి చూసినట్టు.

"పొద్దున్నే అనుకున్నా. నువ్వు అబద్ధమాడితే చిన్నప్పట్నుంచీ గబగబా మాట్లాడతావు" అంది. "ఈ మాట ఆ పదిళ్ళల్లో చెప్పావా?"

"లేదు."

"అయితే మళ్ళీ పో. తిరపతయ్య కాణ్ణించి మొదలుపెట్టు."

ఆదిశేషు అటు చూశాడు. ఎండలో గుడిసెలన్నీ వరసగా ఉన్నాయి. ప్రతి గుడిసె ముందూ మనుషులు నిలబడి ఇటే చూస్తున్నారు. కోటయ్య ఫ్లెక్సీ విప్పి చుట్ట చుడుతున్నాడు, ఇంకా జాలిగానే చూస్తున్నాడు.

"నువ్వు రావా అక్కా?"

"నేను రాను" అని ఆమె లోపలికి వెళ్ళి పట్టా దించింది.

ఆదిశేషు నడిచాడు. తిరపతయ్య గుడిసె ముందు మట్టిలో కూర్చుని ఉన్నాడు. ఇతన్ని చూసి, మళ్ళీ ఎందుకొచ్చావన్నట్టు తలెత్తి, కుడి చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. ఆయనకి వినపడాలంటే అరవక తప్పదు. ఆదిశేషు గొంతు సవరించుకున్నాడు.